రెండు బుట్టలు, ఒకే ట్రాక్టరు

పర్లాకిమిడి, గుణుపురం, రాయగడ, బరంపురం వంటి ఒడిశా సరిహద్దు ఊళ్లలో సర్కారు ఆఫీసు వరండాలో తడి చెత్తకు ఆకుపచ్చ బుట్ట, పొడి చెత్తకు నీలం బుట్ట పక్కపక్కనే కనిపిస్తాయి. పొద్దున్నే ఊడ్చే ఆవిడ వచ్చి రెండింటినీ ఒకే గోనెలో గుమ్మరిస్తుంది. తప్పు ఆమెది కాదు. గేటు దగ్గరికి వచ్చే ట్రాక్టరు ఒకటే, దాని తొట్టికి అరలు లేవు. అందులో పడ్డాక విడదీసినదీ విడదీయనిదీ ఒకటే. ఆఫీసుల్లో రీసైక్లింగ్ కోసం పెట్టే ఖర్చు, శ్రద్ధ బుట్ట దగ్గరే ఆగిపోతున్నాయి. బుట్టలోంచి తీసిన సరుకు ఎక్కడ దాచాలి, ఎవరు తూచాలి, ఏ తేదీన ఎవరికి అమ్మాలి అన్నది ఎవరి డ్యూటీ చార్టులోనూ ఉండదు. బాగుచేయాల్సింది అక్కడ.

2016 నాటి ఘన వ్యర్థాల నిర్వహణ నియమాలు రోజుకు సగటున 100 కిలోలు దాటి చెత్త వచ్చే భవనాలను భారీ ఉత్పత్తిదారులుగా లెక్కించాయి. ప్రభుత్వ కార్యాలయాలను, ఆసుపత్రులను, విద్యాసంస్థలను, హాస్టళ్లను ఆ నిర్వచనంలో పేరుపెట్టి మరీ చేర్చాయి. జిల్లా ఆసుపత్రి, పెద్ద ఆశ్రమ పాఠశాల ఆ గీత దాటవచ్చు. తహశీల్దారు ఆఫీసు, బ్లాకు ఆఫీసు, ఖజానా ఒక్కొక్కటిగా దాటవు. సరిహద్దు జిల్లాల్లో ఎక్కువగా ఉన్నవి ఈ చిన్న ఆఫీసులే. అందుకే వీటి సరుకును ఒకచోటికి చేర్చే ఏర్పాటు లేకపోతే నియమం కాగితం మీదే మిగులుతుంది.

కాగితంతోనే మొదలుపెడదాం, ఆఫీసులో అమ్ముడుపోయే సరుకు ప్రధానంగా అదే. 75 జీఎస్ఎం (చదరపు మీటరుకు 75 గ్రాములు తూగే) ఏ4 రీము, అంటే 500 కాగితాల కట్ట, సుమారు 2.34 కిలోలు. నెలకు 20 రీములు వాడే ఆఫీసులోకి ఏటా దాదాపు 560 కిలోల తెల్ల కాగితం వస్తుందన్నమాట. అందులో కొంత ఫైళ్లలో ఉండిపోతుంది, కొంత అర్జీదారుల చేతికి వెళ్తుంది. మిగతాది ఎటు పోయిందో ఏ ఆఫీసూ చెప్పలేదు, ఎందుకంటే వచ్చినప్పుడు స్టాకు రిజిస్టరులో ఎక్కే కాగితం పోయేటప్పుడు ఎక్కడా ఎక్కదు. ఒక కాటా, ఒక రిజిస్టరు పెడితే చాలు, మూడు నెలల్లో లెక్క కళ్లెదుట ఉంటుంది.

ఉండ చుట్టిన కాగితం చోటు తినేస్తుంది. చదునుగా పేర్చి కడితే 40 సెంటీమీటర్ల ఎత్తు కట్ట దాదాపు 19 కిలోలు తూగుతుంది. అలాంటివి 40 కట్టలైతే ముప్పావు టన్ను, అంటే ఇంచుమించు ఒక చిన్న ట్రాలీ ఆటో లోడు. అంతకన్నా తక్కువ సరుకు కోసం దూరం నుంచి కొనేవాడు రాడు. వచ్చినా డీజిలు ఖర్చు రేటులో కోసేస్తాడు. కట్ట బరువు ముందే తెలిసి ఉంటే కాటా దగ్గర మోసం కూడా పట్టుబడుతుంది.

రాయగడ పక్కనే జేకేపూర్‌లో కాగితం మిల్లు ఉంది కదా, అటు మహారాష్ట్రలో బల్లార్షాలో మరొకటి ఉంది కదా, వాటికే ఇచ్చేయొచ్చుగా అని చాలామంది అడుగుతారు. ఆ మిల్లులు ప్రధానంగా కర్ర, వెదురు గుజ్జు మీద నడిచేలా కట్టినవి. పాత కాగితం కొనేవి వేరే రకం మిల్లులు. కాగితాన్ని పెద్ద తొట్లో నీళ్లతో చిలికి గుజ్జు చేసి, అట్టనో మామూలు కాగితాన్నో తీస్తాయి. ఆ తొట్లో పిన్నులు, క్లిప్పులు అడుగుకు చేరతాయి, జల్లెడలో ఆగిపోతాయి, వాటితో పెద్ద ఇబ్బంది లేదు. ఇబ్బంది పెట్టేవి ప్లాస్టిక్ ఫోల్డర్లు, లామినేషన్, స్టిక్కర్ల జిగురు. బస్సు టికెట్లు, ఏటీఎం చీటీల్లాంటి వేడితో అచ్చయ్యే కాగితం మీద రసాయన పూత ఉంటుంది, దాన్నీ విడిగానే ఉంచాలి. టీ కప్పు చూడ్డానికి కాగితమే అయినా లోపల ప్లాస్టిక్ పొర ఉంటుంది కాబట్టి మామూలు మిల్లులో కరగదు. పైగా అడుగున మిగిలిన టీ పక్కనున్న కాగితాలన్నిటినీ తడిపేస్తుంది. తడి కాగితానికి కొనేవాడు తూకం తగ్గిస్తాడు, బూజు పట్టిందంటే తీసుకోనే తీసుకోడు.

కాబట్టి ముందు చేయాల్సింది కొత్త బుట్టలు కొనడం కాదు, ప్రతి టేబులు కిందా ఉన్న పాత బుట్ట తీసేయడం. టేబులు మీద కాగితానికి ఒక ట్రే ఉంచాలి. తడి చెత్త బుట్ట టీ పెట్టే చోట మాత్రమే ఉండాలి. స్టీలు గ్లాసులు, వాటిని కడగడానికి మనిషి, నీళ్ల కుళాయి ఏర్పాటు చేస్తే కప్పుల సమస్య చాలామటుకు తీరుతుంది. బుట్టల మీది రాత సంగతి కూడా ఉంది. ఈ ఊళ్లలో ఊడ్చేవారిలో తెలుగు ఇంటిభాషగా ఉన్నవారు చాలామంది. ఒడియా మాట్లాడతారు గానీ చదవడం రాకపోవచ్చు. రెండు లిపుల్లో రాసినా సరిపోదు. మూత మీద నిజమైన కాగితం ముక్క, అరటి తొక్క బొమ్మ అతికిస్తే అందరికీ అర్థమవుతుంది.

ఇంకొక విషయం చెప్పక తప్పదు. చాలా ఆఫీసుల్లో అట్టపెట్టెలు, సీసాలు ఏరి కబాడీకి అమ్ముకుని నాలుగు డబ్బులు చూసుకునేది సఫాయి కార్మికులే. ఇప్పటిదాకా జరుగుతున్న రీసైక్లింగ్ అంతో ఇంతో వాళ్ల చలవే. పద్ధతి పెడుతున్నామంటూ ఆ ఆదాయం లాగేసి అమ్మకం సొమ్మంతా ఖజానాకు జమచేస్తే, మర్నాటి నుంచి విడదీసే చేయి ఉండదు. లెక్కలో ఎక్కే తెల్ల కాగితం, ఇనుము, ఎలక్ట్రానిక్ సామాను ఆఫీసు అమ్మాలి. రోజువారీ అట్ట, సీసా, డబ్బా కార్మికులకే చెందుతాయని ఆర్డరులో రాసివ్వాలి. ఒడిశా పట్టణాల్లో ఎరువు తయారీ, పొడి చెత్త విడదీత కేంద్రాలను స్వయం సహాయక సంఘాల మహిళలు నడుపుతున్నారు, ‘మో ఖత’ పేరుతో ఎరువు అమ్ముతున్నారు. వారి బండి ఆఫీసు దగ్గరికి వారంలో ఒక నిర్ణీత రోజున పొడి సరుకు కోసమే రావాలి. తడికీ పొడికీ వేర్వేరు రోజులు పెట్టగలిగితే అరలు లేని ట్రాక్టరుతోనైనా పని జరుగుతుంది.

బీరువాల వెనక పేరుకున్న సామాను కథ వేరు. విరిగిన కుర్చీ డెడ్ స్టాకు రిజిస్టరులో (కుర్చీలు, బీరువాల్లాంటి సామాను లెక్క రాసే పుస్తకంలో) ఉన్నంతకాలం దాన్ని కదిలించే ధైర్యం గుమాస్తాకు ఉండదు, లెక్క తప్పితే తనే జవాబు చెప్పుకోవాలి. కండెమ్నేషన్ కమిటీ కూర్చుని పనికిరాదని రాస్తేనే దానికి విముక్తి. కేంద్ర ప్రభుత్వం 2021 నుంచి ఏటా అక్టోబరులో ప్రత్యేక కార్యక్రమం పెట్టి తన ఆఫీసుల్లో తుక్కు ఖాళీ చేయిస్తోంది. జిల్లా ఆఫీసులకూ అలాంటి తేదీ కావాలి. యూపీఎస్‌లో ఉండే 12 వోల్టుల చిన్న బ్యాటరీ రెండు కిలోలకు పైగా ఉంటుంది, అందులో ఎక్కువ భాగం సీసం. దాన్ని కుర్చీలతో కలిపి వేలం వేస్తే ఎవరో పెరట్లో పగలగొట్టి ఆమ్లం కాలువలో పోస్తారు. 2022 నాటి బ్యాటరీ వ్యర్థాల, ఈ-వ్యర్థాల నియమాల ప్రకారం బ్యాటరీలు, కంప్యూటర్లు రిజిస్టరైన రీసైక్లర్ల దారిలోనే వెళ్లాలి. ఏడాదిలో ఎప్పుడైనా కనీసం వెయ్యి ఎలక్ట్రానిక్ పరికరాలు వాడిన సంస్థలను ఈ-వ్యర్థాల నియమాలు భారీ వినియోగదారులుగా చూస్తాయి. చిన్న ఆఫీసుది అంత లెక్క కాకపోయినా కలెక్టరేటులో ఒక గదికి అన్నీ చేర్చి ఒకే లాటుగా ఇవ్వవచ్చు. ఇచ్చేముందు హార్డ్ డిస్కులు విడిగా తీసి డ్రిల్లుతో తూట్లు పొడవాలి. ట్యూబులైట్లలో పాదరసం ఉంటుంది గనుక విరగ్గొట్టకుండా వచ్చిన అట్టపెట్టెలోనే నిలబెట్టాలి.

పాత రికార్డు గదులు దులిపేటప్పుడు మాత్రం తొందర పనికిరాదు. 1936 ఏప్రిల్ 1న ఒడిశా ఏర్పడేదాకా గంజాం మద్రాసు ప్రెసిడెన్సీ జిల్లా, కొరాపుట్ విశాఖపట్నం జిల్లాలో భాగం. ఆ కాలపు రెవెన్యూ, కోర్టు కాగితాల్లో తెలుగువి ఉన్నాయి. ఈనాటి సిబ్బందిలో చాలామందికి ఆ లిపి రాదు, చదవలేని కట్ట చిత్తుకాగితంలాగే కనిపిస్తుంది. నిజాం కాలంలో ఆదిలాబాద్ జిల్లాలో ఉండి తర్వాత మహారాష్ట్రలో చేరిన కిన్వట్, రాజురా వైపు ఉర్దూ కాగితాలకూ ఇదే ప్రమాదం. తుక్కుకు పంపే ప్రతి జాబితా మీద తెలుగు చదివేవారొకరు, అవసరమైన చోట ఉర్దూ చదివేవారొకరు సంతకం పెట్టాలి. ఎవరి పొలం హద్దు ఏ కట్టలో ఉందో కిలో లెక్కన అమ్మేశాక వెతకలేం.

కాగితం కట్టలు దాచే గది గురించి చివరి మాట. పది అడుగుల చదరం చాలు, కానీ కప్పు కారకూడదు. కట్టలు నేలకు తగలకుండా అరడుగు ఎత్తు చెక్క బల్లల మీద ఉండాలి, గోడకు జానెడు ఎడం కావాలి, లేకపోతే చెదలు గోడ వెంటే ఎక్కుతాయి. కొనేవాడితో ఏడాది రేటు ఒప్పందం మార్చిలోనే ఖరారు చేసుకోవాలి. కండెమ్నేషన్ కమిటీ మే నెలలో కూర్చోవాలి. జూన్‌లో వానలు మొదలయ్యేలోపు మొదటి లోడు ఎత్తించకపోతే, ఆ గదిలోని కాగితాన్ని కొనేవాడు మళ్లీ దసరా దాటాకే దొరుకుతాడు.