రుచి తగిలితే షుగర్ పెరుగుతుందట!

ఇంట్లో ఒకరికి షుగర్ ఉందని రిపోర్టు రాగానే వంటింట్లో జరిగే మొదటి చట్టసవరణ, ఆ మనిషికి వేరే గిన్నె పెట్టడం. అందరి గిన్నెలో ఎర్రగా వేగిన ఉల్లిపాయ, వెల్లుల్లి, ఘుమఘుమలు. వేరే గిన్నెలో నీళ్లలో ఉడికిన ముక్కలు, వాటి మీద ఇంటిల్లిపాది జాలి. దీని వెనక గంభీరమైన శాస్త్రమే ఉంది. ఎవరూ రాయలేదు కాబట్టి నేనే రాస్తున్నా: రక్తంలో గ్లూకోజు పెరిగేది పిండిపదార్థాల వల్ల కాదు, రుచి వల్ల. నాలుక సంతోషిస్తే, ఇన్సులిన్ తయారుచేసే క్లోమం అలుగుతుంది.

ఈ మహా సిద్ధాంతానికి అడ్డు తగిలేవాళ్లూ ఉన్నారు. టొరంటోలో డేవిడ్ జెంకిన్స్ అనే ఆయనా, తోటి శాస్త్రవేత్తలూ 1981లో గ్లైసీమిక్ ఇండెక్స్ అని ఒకటి తెచ్చారు. గ్లూకోజుకి 100 అనుకుని, పిండిపదార్థాలున్న తిండి దేనికదే రక్తంలో చక్కెరని ఎంత పెంచుతుందో చూసి మార్కులేయడం. 55, అంతకు లోపు తక్కువ. 70, ఆ పైన ఎక్కువ. తీరా చూస్తే నిందితుల్లో వెల్లుల్లి లేదు, మిరియాలు లేవు, నిమ్మరసం లేదు. పైన కూర్చున్నవి తెల్ల బ్రెడ్డు, మెత్తగా ఉడికించి మెదిపిన బంగాళాదుంప... అంటే పాపం చప్పగా ఉంటాయి కదా, ఏం చేస్తాయిలే అని మనం వదిలేసినవే. మసాలా తగిలించుకుని దర్జాగా తిరిగే శనగలేమో కింది వరసలో. (ఐస్‌క్రీమ్‌కి కూడా తెల్ల బ్రెడ్డు కన్నా తక్కువే వస్తుంది, కొవ్వు జీర్ణాన్ని నెమ్మది చేస్తుంది కాబట్టి. ఈ ముక్క పేషెంట్ చెవిన వేయకండి.)

రుచిని ఇంత కట్టుదిట్టంగా బయటికి గెంటిన ఇల్లే తేనెకి మాత్రం తలుపు తీస్తుంది, "ప్రకృతి ఇచ్చిందండీ, ఏం కాదు" అంటూ. అందులో దాదాపు 80 శాతం చక్కెరలే, ప్రకృతి ఇచ్చినవే. షుగర్ ఫ్రీ బిస్కెట్‌లో మైదా ఎవరికీ కనబడదు. బ్రౌన్ రైస్ అయితే కొలత అక్కర్లేదు, కొండంత పెట్టుకోవచ్చు, రంగు మారింది కదా!

అసలు చేయాల్సింది వింటే మీకు నిరాశే. ఉల్లిపాయ కాస్త నూనెలో బాగా వేయించి, టమాటా మగ్గాక ఉడికిన శనగలు, గుప్పెళ్లకొద్దీ ఆకుకూర వేసి, కొన్ని శనగలు గరిటెతో చిదిమితే చిక్కటి కూర వస్తుంది. పీచూ ప్రొటీనూ ఉంటాయి కాబట్టి కడుపు నిండుతుంది, గంటకే ఆకలేయదు. 9 అంగుళాల ప్లేటులో సగం కూరగాయలు, పావు ఇలాంటి శనగలో గుడ్డో చేపో, మిగిలిన పావు అన్నమో రొట్టో. కూరగాయలూ ప్రొటీనూ ముందు తిని అన్నం చివర్లో తింటే తిన్నాక చక్కెర అంత ఎగరదు. ఇందులో ఒక్కటే లోపం, ఇల్లంతా ఇదే కావాలంటుంది. అప్పుడు జాలి పడటానికి ఎవరూ మిగలరు.

చప్పటి గిన్నెకి ఇంకో ఘనత ఉంది. దాన్ని చూసి ఆకలి చచ్చిన మనిషి భోజనం మానేసి, ఇన్సులిన్ మాత్రం ఎప్పటిలాగే వేసుకుంటే రక్తంలో షుగర్ (డెసిలీటరుకి) 70 మిల్లీగ్రాముల కిందికి జారిపోవచ్చు. వణుకు, చెమటలు. అప్పుడు ఇంట్లో అందరూ పరిగెత్తేది దేనికోసమో తెలుసా? నిషేధించిన చక్కెర డబ్బా కోసం!

అందుకే అధికారులకి నా విన్నపం. ఇంకొకరికి చప్పిడి తిండి రాసిచ్చే ప్రతి సలహాదారూ ముందు అదే తిండి మూడు నెలలు తినాలి. మూడు నెలలే ఎందుకంటే, ఎర్రరక్తకణం బతికేది సుమారు 120 రోజులు, ఆ కణాలకి అంటుకున్న చక్కెరని కొలిచే హెచ్‌బీఏ1సీ పరీక్ష చెప్పేది కూడా గడిచిన రెండు మూడు నెలల సగటు షుగర్ లెక్కే. రిపోర్టు సంగతి తర్వాత, వాళ్లలో ఎవరు ఎన్నో రోజున అర్ధరాత్రి లేచి ఫ్రిజ్ తలుపు తీశారో కూడా నమోదు చేయాలని మనవి.