బేరం ఎవరితో ఆడాలి?

సార్వా ఊడ్పులు మొదలయ్యే ముందు గోదావరి డెల్టా ఊళ్లలో ఎకరానికి ఇంత అని ఒక రేటు తేలుతుంది. ముఠా మేస్త్రి, నలుగురు రైతులు మాట్లాడుకుంటారు. ఆ తర్వాత రెండెకరాల కౌలు రైతైనా, ఇరవై ఎకరాల ఆసామైనా ఇంచుమించు అదే ఇవ్వాలి. లేదంటే ముఠా పక్క చేలో దిగుతుంది. ఐరోపాలో రంగమంతటికీ కుదిరే వేతన ఒప్పందాలకు ఇది కాగితం లేని దూరపు చుట్టం.

స్వీడన్‌లో కనీస వేతన చట్టమే లేదు. యజమానుల సంఘాలు, యూనియన్లు కూర్చుని తేల్చుకుంటాయి. పదిమందిలో దాదాపు తొమ్మిదిమందికి ఆ ఒప్పందాలే వర్తిస్తాయి. ఫ్రాన్స్ ఇంకా విచిత్రం. యూనియన్ సభ్యులు పది శాతం దగ్గరే ఉంటారు. అయినా ఒప్పందాన్ని ప్రభుత్వం రంగమంతటికీ పొడిగిస్తుంది కాబట్టి దాదాపు అందరూ దాని కిందికి వస్తారు. అమెరికాలోనూ సభ్యత్వం పది శాతమే, కానీ ఒప్పందం అందేదీ ఇంచుమించు అంతమందికే. 1935 వాగ్నర్ చట్టం ప్రకారం ఒక్కో పనిచోట విడిగా మెజారిటీ సాధించాలి మరి.

2025 నవంబర్ 21న అమల్లోకి వచ్చిన మన పారిశ్రామిక సంబంధాల కోడ్ ఈ అమెరికా దారికే దగ్గర. ఒకటికి మించి యూనియన్లున్న చోట, సంస్థ మస్టర్ రోల్‌లో, అంటే కార్మికుల హాజరు పట్టీలో, 51 శాతం మద్దతున్న యూనియన్‌కే ఒంటరిగా బేరమాడే హక్కు. అంత మద్దతు ఎవరికీ లేకపోతే 20 శాతం పైబడిన యూనియన్లు కలిసి మండలిగా కూర్చుంటాయి, లెక్క మాత్రం ఆ మస్టర్‌దే. భీమవరం చుట్టుపక్కల రొయ్యల ప్లాంట్లలో పీలింగ్, అంటే పెంకు వలిచే పని, చేసే ఆడవాళ్లను కాంట్రాక్టర్ వ్యాన్‌లో తెస్తే, వాళ్ల పేర్లు ప్లాంటు మస్టర్‌లో ఎందుకుంటాయి? 2,000 మంది దాటిన కంపెనీల పర్యవేక్షక బోర్డులో సగం సీట్లు కార్మికులకిచ్చే జర్మనీ పద్ధతిని మన సెమినార్లలో తెగ పొగుడుతారు. వ్యాన్‌లో వచ్చే మనిషికి ఏ బోర్డులో సీటిస్తారు?

కనీస వేతనం ఉంది కదా అంటారు. అది సర్కారు ప్రకటించేది, అందులో బేరం లేదు. నా మట్టుకు ఫ్రాన్స్ పద్ధతే ఇక్కడ నప్పుతుంది. కిలో పీలింగ్‌కు ఇంత అని జిల్లా మొత్తానికి ఒకే ఒప్పందం, కాంట్రాక్టర్ ఎవరైనా సరే. రైస్ మిల్లు హమాలీలు బస్తా రేటును ఇలా ఉమ్మడిగా మాట్లాడుకోవడం కొత్తేమీ కాదు. రొయ్యల ఎగుమతిలో ఈక్వెడార్ పోటీకి దీనిలో జవాబు లేదు, నిజమే. పక్క ప్లాంటు కూలి కోసి ఆర్డర్ ఎగరేసుకుపోవడం మాత్రం ఆగుతుంది.

2025 ఆగస్టులో మన సరుకు మీద అమెరికా సుంకం 50 శాతానికి చేరినప్పుడు కౌంట్ రేట్ల (కిలోకు ఎన్ని రొయ్యలు తూగుతాయన్న లెక్కన కట్టే ధరల) మీద రైతులూ మాట్లాడారు, ఎగుమతిదారులూ మాట్లాడారు. పీలింగ్ షెడ్డు తరఫున ఎవరిని పిలవాలో చెప్పే ఏర్పాటే మన దగ్గర లేదు.