డీసీని ఆపిన అల్లుడు

ఈసీఈ చదివి పదేళ్లు దాటినవాడికి నాలుగేళ్ల చదువులో ఒక్క వాక్యం మిగులుతుంది: చార్జి దాచుకునే కెపాసిటర్ డీసీని (ఒకేవైపు పారే కరెంటును) ఆపుతుంది, ఏసీని (అటూఇటూ ఊగే కరెంటును) పోనిస్తుంది. వాక్యంలో తప్పేం లేదు. లేనిదల్లా కాలం. ఎంతసేపటికి ఆపుతుంది, ఆపకముందు ఏం చేస్తుంది, ఆపినాక కడుపులో ఏం దాచుకొని కూర్చుంటుంది, ఇవేవీ ఆ వాక్యంలో పట్టలేదు. ఉగాదికి అనంతపురంలో అత్తగారింటికి వచ్చిన ఒక అల్లుడు ఈ మూడింటికీ ఒకే పూటలో, ఓళిగలు చల్లారేలోగా జవాబులు రాబట్టాడు.

సంగతి చిన్నదే. మామ ఎన్నో ఏళ్లుగా వాడుతున్న ఆంప్లిఫైయర్ డబ్బా గుయ్యిమంటోంది. లోపల ఇంటి కరెంటును 12 వోల్టులకు దించే 12-0-12 ట్రాన్స్‌ఫార్మర్, కరెంటును ఒకవైపే పోనిచ్చే రెండు 5408 డయోడ్లు, పాటను పెంచే ఒక 4440 బోర్డు, మధ్యలో 4700 మైక్రోఫారడ్, 25 వోల్టుల ఫిల్టర్ కండెన్సర్ (కెపాసిటర్‌కే వాడుక పేరు; మైక్రోఫారడ్ ఎంత దాచుకోగలదో చెప్పే కొలత). దేవుడి పాట పెడితే పాట వెనకాలే తుమ్మెద. ఆ తుమ్మెద ఊరూ పేరూ తెలిసినదే. మన కరెంటు 50 హెర్ట్జ్. రెండు డయోడ్లు కలిసి దాన్ని ఒకవైపుకు మళ్లిస్తే సెకనుకు 100 మిట్టలు వస్తాయి. మిట్టకూ మిట్టకూ మధ్య పల్లాన్ని పూడ్చడం కండెన్సర్ పని. బోర్డు 1 ఆంపియర్ లాగుతుంటే, 4700 ఉన్నప్పుడు ఆ పల్లం లోతు సుమారు 2 వోల్టులు. కండెన్సర్ ఎండి 1000కి దిగితే లెక్క ప్రకారం 10. అప్పుడు పాటకంటే తుమ్మెదే బాగా వినిపిస్తుంది.

ఎండడమంటే నిజంగా ఎండడమే. లోపల అల్యూమినియం రేకుల మధ్య కాగితం, ఆ కాగితానికి ఒక తడి. వేడి పది డిగ్రీలు పెరిగితే దాని ఆయుష్షు సగమవుతుందని లెక్క. ఆ డబ్బా చేసిన మహానుభావుడు కండెన్సర్‌ను తెచ్చి, బోర్డు వేడిని లాగే హీట్‌సింకుకు ఆనించి కూర్చోబెట్టాడు. మిగిలింది అనంతపురం ఎండ చూసుకుంది. దాని నెత్తి పూరీలా ఉబ్బింది.

అల్లుడు మూత తీశాడు. గుయ్ శబ్దం ఎక్కడినుంచో చూద్దామని ముందు బోర్డుకు పోయే వైరు పీకాడు, తర్వాత ప్లగ్గు పీకాడు. ఈ వరుస గుర్తుపెట్టుకోండి. బోర్డు తగిలించి ఉంటే మిగిలిన చార్జిని అదే తాగేసేది. ఇప్పుడు తాగేవాళ్లు లేరు.

"కరెంటు ఉండాదేమో సూడప్పా," అన్నాడు మామ.

"ప్లగ్గే పీకినాక ఇంకేముంటుంది మామా?" అంటూ అల్లుడు కండెన్సర్ రెండు కాళ్ల మీదా స్క్రూడ్రైవర్ ఆనించాడు.

టప్పుమంది. స్క్రూడ్రైవర్ మొనకు నల్లటి పుట్టుమచ్చ పడింది. అత్త వంటింట్లోనుంచి "ఏమాయ?" అంది. ఎండిన కండెన్సర్, 17 వోల్టులు, అందుకని పుట్టుమచ్చతో పోయింది. ఇదే కంప్యూటర్ పవర్ సప్లై అయితే లోపల 230ని నిఠారుగా డీసీ చేసి 325 వోల్టులు నింపి పెడతారు. అక్కడ స్క్రూడ్రైవర్ సరసాలు పనికిరావు. హోల్డర్‌కు బిగించిన 100 వాట్ల పాతరకం ఫిలమెంట్ బల్బు వైర్లు ఆనించి ఖాళీ చేయాలి, తర్వాత మీటరు పెట్టి చూడాలి. కాసేపాగి మళ్లీ చూడాలి కూడా, ఎందుకంటే ఖాళీ అయిందనుకున్న కండెన్సర్‌లో కొంత వోల్టేజీ మెల్లగా మళ్లీ తేలుతుంది. 1746లో లైడెన్ నగరంలో ముషెన్‌బ్రుక్ అనే ప్రొఫెసరు నీళ్ల సీసాలో దాచిన చార్జితో దెబ్బ తిని, ఫ్రాన్సు రాజ్యం మొత్తం ఇస్తామన్నా మళ్లీ ముట్టనని ఉత్తరం రాశాడు. అల్లుడికి ఎవరూ రాజ్యం ఇస్తామనలేదు గనక ఆగలేదు.

క్లాక్ టవర్ దగ్గర, పండగపూట సగం షట్టర్ ఎత్తిన దుకాణానికి పోయాడు. కొత్త 4700 ఇస్తే మీటరును 20 కిలో ఓమ్‌ల మీద పెట్టి పరీక్షించాడు. అంకె నిలవదు. 0.4, 1.1, 2.6... అలా ఎక్కుతూ ఎక్కుతూ చివరికి ఎడమ పక్కన ఒంటరి 1 పడింది. "ఇది డూప్లికేట్ అన్నా, స్టడీగా లేదు," అని వాపసిచ్చాడు. రెండోది అంతే. మూడోదీ అంతే.

మీటరు లోపలి బ్యాటరీ సన్నటి డీసీ తోస్తుంది. ఖాళీ కండెన్సర్ మొదటి క్షణంలో ఉత్త తీగలాగే ఉంటుంది, ఎంత తోస్తే అంత మింగుతుంది. నిండేకొద్దీ ఎదురుతన్నుతుంది. కాలువ నీళ్లు చెరువులో పడ్డట్టే: మొదట హోరు, చెరువు మట్టం కాలువ మట్టానికి దగ్గరయ్యేకొద్దీ నెమ్మది, రెండూ సమమైతే నిశ్శబ్దం. కాలువలో నీళ్లున్నాయి, చెరువులో నీళ్లున్నాయి, పారేది మాత్రం లేదు. మీటరులో పడిన ఆ 1కి, అంటే ‘కొలతకు అందనంత అడ్డు’కు, అర్థం అదే. అంటే తనకు తెలిసిన ఒక్కగానొక్క వాక్యం కళ్లెదుట మూడుసార్లు నిజమవుతుంటే చూసి, అల్లుడు సరుకు నకిలీ అన్నాడు.

విసిగిన దుకాణదారుడు డబ్బా ముందుకు తోసి "నీకేది కావల్లో నువ్వే ఏరుకో సామీ," అన్నాడు. అల్లుడు 10000 మైక్రోఫారడ్, 16 వోల్టులది ఏరాడు. ఆపడమే దాని పని అయితే పెద్దది ఇంకా బాగా ఆపదా? కానీ ఏసీలో 12 అన్నది సగటులాంటి అంకె, దాని శిఖరం 17. డయోడు 0.7 తీసుకుంటుంది, నిజమే. అయితే లోడు లేనప్పుడు ఆ ట్రాన్స్‌ఫార్మర్ 13, 14 కూడా ఇస్తుంది, శిఖరం 19 దాకా పోతుంది. 16 అని రాసి ఉన్నదానికి అది మోయలేని బరువు. 25 పెట్టినవాడు ఊరికే పెట్టలేదు.

అదొక్కటే అయితే ఇంకొన్నాళ్లు గడిచేదేమో. కండెన్సర్ ఒంటిమీద ఒక పక్క లేతరంగు పట్టీ, అందులో చిన్న గీతలు ఉంటాయి. ఆ పట్టీ మైనస్ కాలు వైపుది. అంత ప్రత్యేకంగా గుర్తు పెట్టారంటే ప్లస్సే అయ్యుంటుందని అల్లుడు తీర్మానించి తిప్పి సోల్డరింగ్ చేశాడు. ప్లగ్గు పెట్టగానే ఫ్యూజు పోయింది.

ఫ్యూజు చెప్పాల్సింది చెప్పేసింది. అరగంటలో అందరికంటే తెలివిగా మాట్లాడింది అదొక్కటే. మామ మాత్రం వైరులోంచి ఒక రాగి పోగు లాగి, ఫ్యూజు గొట్టానికి చుట్టి, "ఇంక పోదు," అన్నాడు.

పోలేదు. రేకు మీద ప్లస్ వైపు ఉండే సన్నటి ఆక్సైడ్ పొరే ఈ కండెన్సర్‌కు గోడ. తిరగేసి డీసీ ఇస్తే ఆ గోడ కరుగుతుంది, డీసీని ఆపాల్సినది డీసీకి దారి ఇస్తుంది, లోపలి తడి కాగి ఆవిరవుతుంది. ఆ రోజు కోసమే నెత్తిన ప్లస్ గుర్తులా ఒక గాటు పెట్టి ఉంచుతారు, పగిలితే అక్కడే పగలాలని. పది సెకన్ల తర్వాత ధన్‌మని అక్కడే పగిలింది. తెల్లటి పొగ లేచింది. చుట్టలు చుట్టలుగా కాగితం, వెండి రంగు రేకు ముక్కలు గాల్లో తేలి, నెయ్యి రాసిన ఓళిగల మీద దిగాయి.

అత్త గడపలో నిలబడి ముక్కు మూసుకుంది. "పండగపూట ఇంట్లో ఈ చేపల వాసన ఏంది నాయనా?"

సాయంత్రం వీధి చివరి మెకానిక్ వచ్చాడు. "ఫిల్టర్ కండెన్సర్ ఎవరు తిప్పేసినారు?" అన్నాడు. అల్లుడికి మిగిలింది పరువొక్కటే గనక, "దాన్ని కెపాసిటర్ అనాలి," అన్నాడు. పాపం, కండెన్సర్ అన్న పేరు 1782లో సాక్షాత్తూ వోల్టా పెట్టింది.

మెకానిక్ రాగి పోగు తీసి అర ఆంపియర్ ఫ్యూజు వేశాడు. డయోడ్లు చూశాడు. 4700, 25 వోల్టులది హీట్‌సింకుకు దూరంగా, పట్టీ మైనస్ వైపు పెట్టి అతికించాడు. దాని రెండు కాళ్ల మధ్య 1 కిలో ఓమ్ రెసిస్టరుతో ఒక ఎర్ర ఎల్ఈడీ కూడా కట్టాడు. తర్వాత సంచిలోంచి సీరీస్ బోర్డు తీశాడు. 60 వాట్ల ఫిలమెంట్ బల్బు గుండా కరెంటు ఆంప్లిఫైయర్‌కు పోతుంది, అంతే.

"సూడు సామీ. బల్బు ఒక్కసారి ఎలిగి తగ్గిపోవల్ల. ఎలిగింది ఎలిగినట్లే ఉంటే పీకెయ్యల్ల."

స్విచ్చి వేశాడు. బల్బు భగ్గుమంది, వెంటనే జీరకు తగ్గింది. పుస్తకంలో కండెన్సర్ నిండే తీరు అని వంపు తిరిగిన గీతగా నాలుగు మార్కులకు గీసింది ఇదేనని అల్లుడు కొంచెం ఆలస్యంగా పోల్చుకున్నాడు. పాట వచ్చింది, తుమ్మెద లేదు.

మూత బిగించాలని మామ బోర్డు వైరు తీసి, ప్లగ్గు పీకాడు. ఎర్ర దీపం ఆరలేదు. 4700ను 1 కిలో ఓమ్‌తో గుణిస్తే 4.7 సెకన్లు, అంతసేపటికి 63 శాతం పోతుంది, దానికి ఐదింతలకు, అంటే దాదాపు 24 సెకన్లకు, 99 దాటుతుంది (ఎల్ఈడీ అట్టిపెట్టుకునే వోల్టో రెండో లెక్కలో పట్టుకోకుంటే). దీపం ఇరవై సెకన్ల దాకా మెల్లగా నీరసించి కనుమరుగైంది.

"ఆరిపాయ కదా, ఇంకేం సూస్తాండావు? స్క్రూలు బిగించు," అంది అత్త.

అల్లుడు రెండు చేతులూ వెనక్కి కట్టుకొని గోడ గడియారం చూస్తున్నాడు.

"ఇంకో నాలుగు సెకన్లు ఉండత్తా."