రాచకొండకు రాజుగారి రాక

రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయని పెద్దలు చెప్పారు గానీ, ఆ ఎండలో గుట్ట ఎక్కకూడదని విడిగా చెప్పలేదు. ఈ లొసుగు మా బావమరిది కంట పడింది. ఆ విధంగా మే నెల చివరి ఆదివారం ఇద్దరు మనుషులు, ఒక కుక్క రాచకొండ ఎక్కడం జరిగింది. ఇటువంటి యాత్రలకు నాయకుణ్ణి ఎంచుకునే పద్ధతి వెంటనే మారాలని ఆ అనుభవంతో డిమాండ్ చేస్తున్నాను.

కుక్క పేరు రాజు. లాబ్రడార్. ఆ జాతి పూర్వీకులు కెనడా వైపు చల్లటి సముద్రంలో జాలర్లకు సాయం చేసేవారు. వారి వారసుణ్ణి మనం తెచ్చుకుని నల్లబండ మీద నడిపిస్తాం. పైగా ముద్దుగా పెంచుకుంటున్నామంటాం.

రాచకొండ 2016లో నల్లగొండ జిల్లా నుంచి యాదాద్రి భువనగిరికి పోయింది. మాకు మాత్రం ఇంకా మాదే. పద్నాలుగో శతాబ్దంలో రేచర్ల పద్మనాయకుల రాజధాని అది. సంస్కృతంలో ‘రసార్ణవసుధాకరం’ రాసిన సింగభూపాలుడు ఇక్కడే ఏలాడు. పదిహేనో శతాబ్దంలో కోట బహమనీల పాలైంది. ఇన్నేళ్లకు మళ్లీ మా రాజు కారు దిగాడు. దిగగానే మొదటి రాయి దగ్గర కాలెత్తి శాసనం వేయించాడు.

సింగభూపాలుడికి ‘సర్వజ్ఞ’ అని బిరుదు. ప్రస్తుతం అది మా బావమరిది దగ్గర ఉంది.

గుట్ట కింద ఒక మేకల కాపరి ఆపాడు. “మొక్కున్నదా సారు?”

“లేదు. ఊరికే ఎక్కుతున్నం.”

ఆయన కాసేపు ఆలోచించాడు. “ఊరికే మేకలు గూడ ఎక్కయి సారు. ఆకు కోసం ఎక్కుతయి.”

పదకొండు గంటలకల్లా బండలు పెనాల్లా అయ్యాయి. కుక్కకు మనలాగా ఒళ్లంతా చెమట పట్టదు. పాదాల కింది మెత్తల్లో కాస్త పడుతుంది, మిగతా వేడంతా రొప్పుతూ నాలుక మీదుగా పోవాల్సిందే. చేతి వెనకవైపు బండకు ఆనించి ఏడు సెకన్లు ఉంచలేకపోతే కుక్కను దాని మీద నడిపించొద్దంటారు. బావమరిది ఆనించి మూడో సెకనుకే తీసేశాడు. “నాకు షుగర్ కదా బావా, నా చెయ్యి లెక్కలోకి రాదు” అన్నాడు. నేను నా చెయ్యి పెట్టలేదు. ఆ సంగతి ఇక్కడ ఒప్పుకుంటున్నాను.

కోట ద్వారం కింద నీడ తగలగానే రాజు పొట్ట నేలకానించి పడుకున్నాడు. మీటింగ్ లేదు, చర్చ లేదు. ఆ రోజు మొత్తంలో తీసుకున్న ఒకే ఒక్క సరైన నిర్ణయం అది. మేం ఓటింగ్ పెట్టాం. ఒకటికి రెండు ఓట్లతో రాజు ఓడిపోయాడు. ప్రజాస్వామ్యంలో రాజుల గతి ఇంతే.

శిఖరం మీద ప్రశాంతంగా ఉంటుందని విన్నాం. నిజమే, ఉంది. సున్నం లేకుండా రాయి మీద రాయి పేర్చిన గోడలు, దూరంగా సీతాఫలం చెట్లు, గాలి చప్పుడు. సుమారు నాలుగు నిమిషాలు. ఆ తర్వాత ఫోన్‌కు సిగ్నల్ దొరికింది. కింద ఒక్క గీత కూడా లేని చోటు నుంచి పైకి రాగానే పొద్దుటి నుంచి ఆగిన లోకమంతా ఒకేసారి మోగింది. గ్యాస్ బండ వచ్చిందట. చిట్టీ డబ్బులు కట్టలేదట. చివరికి మా ఆవిడ ఫోన్.

“ఇంత ఎండల గుట్ట ఎక్కిండ్రా?”

“ఏం కాలేదు, బాగనే ఉన్నం.”

“మిమ్మల్ని కాదు, రాజును అడుగుతున్న.”

రాజు బాగాలేడు. లేవనన్నాడు. మూడు సీసాల నీళ్లలో ఒకటి బావమరిది ఫోటో కోసం మొహం కడుక్కోవడానికే పోయింది. మిగిలినవి కొంచెం తాగించి, పొట్టకీ పాదాలకీ తడిపాం. కాసేపటికి తోక ఆడింది, కాళ్లు మాత్రం ఆడలేదు. ముప్పై కిలోల శరీరం. కూర్చుని తినడానికి తెచ్చిన దుప్పటిలో పడుకోబెట్టి చెరో కొస పట్టుకున్నాం. ముందు సర్వజ్ఞుడు, వెనక నేను. మధ్యలో ఆయన నాలుక చాచుకుని అటూ ఇటూ చూస్తున్నారు, పొలాల లెక్క తీసుకుంటున్నట్టు.

కింద మేకల కాపరి చెట్టు నీడలో సద్ది తింటున్నాడు. మమ్మల్ని చూసి ముద్ద ఆపాడు.

“గిదేం మొక్కు సారు?”