ఫిల్టర్ మారుస్తాం, ట్యాంకు ముట్టం

ఖాళీ లారీ బాగానే పోతుంది. చదును రోడ్డు మీద సగం లోడుతోనూ పేచీ పెట్టదు. నిండు లోడుతో శ్రీశైలం ఘాట్ ఎక్కేటప్పుడు మాత్రం మొరాయిస్తుంది. యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కినా బండి లాగదు, డాష్‌బోర్డు మీద లైటు వెలుగుతుంది, వెనక నుంచి బస్సుల హారన్లు. డ్రైవర్ ఓనరుకు ఫోన్ చేస్తాడు: "పికప్ లేదన్నా."

ఎత్తు ఎక్కేటప్పుడే ఎందుకంటే, ఇంజిన్ ఎంత బలం పెడితే అంత డీజిల్ అడుగుతుంది. సగం పూడిన డీజిల్ ఫిల్టర్ చదునులో సరిపడా ఇస్తుంది, ఘాట్‌లో ఇవ్వలేదు. దగ్గర్లోని షెడ్డులో కొత్త ఫిల్టర్ వేస్తారు, బండి కదులుతుంది. నెల తిరక్కుండా మళ్లీ అదే ఫోన్. ఫిల్టర్ పూడటమంటే ట్యాంకు మీద వచ్చిన ఫిర్యాదు. మనం ఆ కాగితం చించేసి, సమస్య తీరిందనుకుంటున్నాం.

పాత బళ్లలో ఈ నిర్లక్ష్యం చెల్లింది. ఇంజిన్‌లోకి డీజిల్ చిమ్మే అప్పటి నాజిల్ సుమారు 200 బార్ ఒత్తిడి దగ్గర తెరుచుకునేది, కొంత మురికిని అరాయించుకునేది. ఒకే గొట్టం నుంచి అన్ని సిలిండర్లకూ డీజిల్ అందించే ఇప్పటి కామన్ రైల్ ఇంజిన్లలో ఒత్తిడి 1,600 నుంచి 2,000 బార్ దాకా ఉంటుంది. డీజిల్ చిమ్మే ఇంజెక్టర్ లోపలి భాగాల మధ్య సందు రెండు మూడు మైక్రాన్లు, అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతులు రెండు మూడు. తల వెంట్రుక మందమే దాదాపు 70 మైక్రాన్లు. అంటే కంటికి ఆనని దుమ్ము అక్కడ ఆకురాయిలా పనిచేస్తుంది. దానికి తోడు 2020 ఏప్రిల్ 1 నుంచి బీఎస్-6 కాలుష్య ప్రమాణాలు వచ్చి, డీజిల్‌లో గంధకం పరిమితి 50 పీపీఎం (పది లక్షల్లో 50 భాగాలు) నుంచి 10కి దిగింది. గాలికి మంచిదే. కానీ గంధకం తీసేటప్పుడు డీజిల్‌కు సహజంగా ఉండే జిడ్డుగుణం కూడా కొంత పోతుంది. దాన్ని భర్తీ చేసే రసాయనాలు కలుపుతారు గానీ, నీళ్లు చేరితే ఆ రక్షణ నిలవదు.

నీళ్లనగానే అందరి వేలూ బంకు మీదికి పోతుంది. కొన్నిసార్లు అది న్యాయమే, ముఖ్యంగా పెద్ద వాన తర్వాత. అయితే నిబంధన ప్రకారమే కిలో డీజిల్‌లో 200 మిల్లీగ్రాముల దాకా నీరు ఉండొచ్చు. 300 లీటర్ల ట్యాంకులో అది దాదాపు 50 గ్రాములు. మిగతాది మన ఇంట్లో పుట్టేదే. సగం ఖాళీ ట్యాంకుతో రాత్రంతా బండి నిలిపితే, లోపలి గాలిలోని తేమ చల్లబడి గోడలకు చెమటలా పడుతుంది. కాకినాడ, నెల్లూరు లాంటి తీరప్రాంతాల్లో ఇది ఇంకా ఎక్కువ. డీజిల్ దొంగలు మూత పగలగొట్టి పోతే, కొత్త మూత కొనేదాకా గుడ్డ కుక్కి నడిపే బళ్లు ఎన్ని లేవు? ఆ గుడ్డ సందుల్లోంచి దుమ్మూ వానా రెండూ లోపలికే.

డీజిల్ కంటే నీరు బరువు, కాబట్టి అడుగున చేరుతుంది. ఆ రెండూ కలిసేచోట బూజు, బ్యాక్టీరియా పెరిగి జిగురులాంటి నల్లటి మడ్డి తయారవుతుంది. ట్యాంకు అడుగంటేదాకా నడిపే అలవాటుంటే అది కదిలి ఫిల్టర్‌కు చేరుతుంది. పైగా ఇంజిన్ వాడుకోని వేడి డీజిల్ ట్యాంకుకే తిరిగొస్తుంది. తక్కువ డీజిల్ ఉన్నప్పుడు అదంతా తొందరగా వేడెక్కి, పాడై నల్లబడుతుంది. 2018 జాతీయ జీవ ఇంధన విధానం 2030 నాటికి డీజిల్‌లో 5 శాతం బయోడీజిల్ కలపాలని లక్ష్యం పెట్టింది. బయోడీజిల్ తేమను ఎక్కువగా పట్టుకుంటుంది, ట్యాంకు గోడలకు అంటుకున్న పాత మడ్డినీ కరిగిస్తుంది. ఈ బెడద రేపు తగ్గుతుందని నేననుకోను.

అందుకే తీసిన ఫిల్టర్‌ను చెత్తలో పారేయకుండా ఒకసారి కోసి చూడాలి. ఇటుక రంగు పొడి ఉంటే ఇనుప ట్యాంకు తుప్పు పడుతోందని, జిగురుంటే బూజు పట్టిందని అనుమానించాలి. మెరిసే లోహపు రజను కనిపిస్తే ఇంజిన్‌కు డీజిల్ తోసే పంపు అరుగుతుండొచ్చు, అప్పుడు బండి కదపకపోవడమే మేలు.

షెడ్లలో ఇంకో అలవాటుంది, నాకు అన్నిటికన్నా చిరాకు తెప్పించేది. ఫిల్టర్ మార్చాక డీజిల్ పైపుల్లో చేరిన గాలి తీసే శ్రమ తప్పించుకోవడానికి కొత్త ఫిల్టర్‌లో డబ్బాలోని డీజిల్ నింపి బిగిస్తారు. తిప్పి బిగించే రకం ఫిల్టర్‌కు మధ్య రంధ్రం శుభ్రమైన డీజిల్ బయటికి పోయే దారి. అందులో పోసిన డీజిల్ వడపోత లేకుండా నేరుగా పంపుకు వెళ్తుంది. ఆ గాలి తీసే చేతి పంపు, హ్యాండ్ ప్రైమర్, వంద సార్లు కొట్టినా ఫర్వాలేదు, ఆ పని మాత్రం చేయకూడదు. అలాగని ఊరికే మాటిమాటికీ మార్చినా లాభం లేదు. కొంత వాడిన ఫిల్టర్ కొత్తదానికంటే సన్నగా వడకడుతుంది.

అసలు పని చిన్నది. రోజూ బండి తీసేముందు నీళ్లు వేరుచేసే గిన్నె కింది డ్రెయిన్ తిప్పి, సీసాలో పట్టి చూడటం. రాత్రి నిలిపేముందు ట్యాంకు నింపడం. ఏడాదికోసారి ట్యాంకు దించి కడిగించడం. ఇవేవీ డ్రైవర్లకు తెలియనివి కావు. మరి ఎందుకు చేయరు? ట్రిప్పు లెక్కల్లో చూస్తే తెలుస్తుంది. లోడు దిగాక ఓనరు లీటరు లీటరుకూ మైలేజీ లెక్క కడతాడు, తేడా వస్తే బత్తాలో కోత. డ్రెయిన్ తిప్పితే నీళ్లతో పాటు గ్లాసుడు డీజిల్ కూడా పోతుంది. "నీళ్లు తీశానన్నా" అంటే నమ్మే ఓనరు ఎంతమంది? దొంగ అనిపించుకోవడం కంటే ఆ నట్టు జోలికి పోకపోవడమే డ్రైవర్‌కు క్షేమం. రోజుకో పావు లీటరు డ్రెయిన్ ఖర్చు కింద ముందే రాసి ఇచ్చేస్తే ఆ భయం పోతుంది. ఇంజెక్టర్ల సెట్టు మార్చిన బిల్లు ఒక్కటి చేతిలో పెట్టుకుని, ఏడాదికి ఆ పావు లీటర్లు ఎన్నవుతాయో ఓనర్లే లెక్క కట్టుకోవచ్చు.