31వ రోజు మాత్ర ఎవరిస్తారు?

కొన్నేళ్ల క్రితం మా చర్చి టీమ్‌తో కలిసి వేరే దేశంలో మెడికల్ క్యాంపుకి వెళ్లాను. నేను ఫార్మసిస్టుని. మాత్రలు లెక్కపెట్టి కవర్లలో వేసి, ఎప్పుడు వేసుకోవాలో చెప్పడం నా పని. క్యాంపు 5 రోజులు. బీపీ ఉన్నవాళ్లందరికీ 30 మాత్రల చొప్పున ఇచ్చాం. మూడో రోజు మధ్యాహ్నం, అక్కడి చర్చి నడిపే చిన్న క్లినిక్‌లోని నర్సు నా టేబుల్ దగ్గరికొచ్చి ఒక కవరు తిప్పి చూసింది. "ఈ మందు మా దగ్గర దొరకదు. అయిపోయాక వీళ్లంతా నా దగ్గరికే వస్తారు. నేనేం చెప్పాలి?" అంది. నిష్ఠూరమేమీ లేదు, నిజంగానే అడిగింది. లైన్లో ఇంకా చాలామంది ఉన్నారంటూ తప్పించుకున్నాను.

ఆ ప్రశ్న నన్ను వదల్లేదు. బీపీ, షుగరు 5 రోజుల్లో తగ్గే జబ్బులు కావు. ఏళ్ల తరబడి అదే మందు, అదే మనిషి, అదే రిజిస్టరు ఉండాలి. మేం ఇచ్చింది 30 రోజుల ధైర్యం. 31వ రోజు భారం ఆ నర్సు మీద పెట్టి విమానం ఎక్కేశాం.

దేశాలు దాటి చర్చిలు కలిసి పేదలకి వైద్యం అందించడం తప్పని నేననను. ఆ పని ఏమిటో ఎవరు నిర్ణయిస్తున్నారన్నదే నా పేచీ. ఇప్పుడు జరిగేది ఇదీ: మనకి సెలవులు ఎప్పుడు దొరికితే అప్పుడు క్యాంపు, మన టీమ్‌లో పళ్ల డాక్టరు ఉంటే పళ్ల క్యాంపు, కళ్ల డాక్టరు ఉంటే కళ్ల క్యాంపు. అక్కడి సంఘం (చర్చి అన్న అర్థంలోనే అంటున్నాను, మన తెలుగు సంఘం కాదు) కుర్చీలు సర్దుతుంది, భోజనాలు చూస్తుంది, ఫొటోల్లో పక్కన నిలబడుతుంది. దాన్ని భాగస్వామ్యం అనడానికి నాకు నోరు రావడం లేదు.

ఈ గొడవ కొత్తదేం కాదు. 20వ శతాబ్దం మధ్యకల్లా ఆసియా, ఆఫ్రికాల్లో ఎన్నో మిషన్ ఆసుపత్రులు ఉండేవి. కట్టినవాళ్లు ఒక్కొక్కరే వెళ్లిపోతుంటే వాటిని నడపడం స్థానిక చర్చిలకు తలకు మించిన పనైంది. 1964లో జర్మనీలోని ట్యూబింగెన్‌లో చర్చిల ప్రతినిధులు కూర్చుని, రోగుల్ని చూసుకోవడం డాక్టర్ల బాధ్యత మాత్రమే కాదు, మొత్తం సంఘానిది అన్నారు. 1968లో ప్రపంచ చర్చిల మండలి ఒక క్రైస్తవ వైద్య కమిషన్‌ని పెట్టింది. ఆ కమిషన్‌కి అర్థమైంది చేదు నిజమే. డబ్బంతా భవనాలకీ చికిత్సకీ పోతోంది, గేటు దాకా రాగలిగినవాళ్లకే వైద్యం అందుతోంది. పైగా వాళ్లకొచ్చే జబ్బుల్లో చాలావాటిని ముందే ఆపొచ్చు. ఈ కమిషన్ ఆఫీసూ, ప్రపంచ ఆరోగ్య సంస్థ (డబ్ల్యూహెచ్‌ఓ) ఆఫీసూ జెనీవాలోనే. ఇద్దరి మధ్యా చాలా చర్చ నడిచింది. 1978లో ఆల్మా ఆటాలో (ఇప్పటి కజకిస్థాన్‌లోని అల్మాటీ) ప్రపంచ దేశాలు చేసిన ప్రాథమిక ఆరోగ్య ప్రకటన వెనుక ఆ చర్చల ప్రభావం ఉంది.

ఆ రోజుల్లో అందరూ చూపించిన ఉదాహరణ మహారాష్ట్రలోని జామ్‌ఖేడ్. వెల్లూరు క్రిస్టియన్ మెడికల్ కాలేజీలో చదివి, అమెరికాలో పబ్లిక్ హెల్త్ నేర్చుకున్న రాజ్ ఆరోలే, మేబెల్ ఆరోలే దంపతులు 1970లో అక్కడ పని మొదలుపెట్టారు. ఊరివాళ్లే ఎంచుకున్న ఆడవాళ్లకి శిక్షణ ఇచ్చారు. చాలామందికి చదువు రాదు, కొందరు దళితులు. కాన్పులు, పసిపిల్లల విరేచనాలు, తాగునీరు, కుష్ఠు, క్షయ అన్నీ వాళ్లే చూసుకోవడం నేర్చుకున్నారు. 1979లో ఆ దంపతులకు రామన్ మెగసెసే అవార్డు వచ్చింది. బయటి డబ్బు అక్కడికీ వెళ్లింది. కానీ అది పనిలో పెట్టింది ఆ ఊళ్లలోనే ఉండిపోయే మనుషుల్ని.

మందుల సంగతి నా వృత్తి కాబట్టి కాస్త ఎక్కువ చెబుతాను. ఇంట్లో మిగిలిపోయిన మాత్రలు, డాక్టర్ల దగ్గర పడున్న శాంపిళ్లు పోగుచేసి సూట్‌కేసుల్లో పట్టుకెళ్లడం ఇంకా చూస్తున్నాను. బోస్నియా యుద్ధ కాలంలో, 1992 నుంచి 1996 వరకు, పనికిరాని విరాళపు మందులు 17,000 టన్నుల దాకా పోగుపడ్డాయని అప్పట్లో లెక్కకట్టారు. వాటిని పారేయడమే ఒక పెద్ద ఖర్చైంది. 1996లో డబ్ల్యూహెచ్‌ఓ మందుల విరాళాలకు మార్గదర్శకాలు ఇచ్చింది. తీసుకునేవాళ్లు అడిగిందే ఇవ్వాలి, మన దగ్గర పనికిరాని నాణ్యత వాళ్లకీ పనికిరాదు, మందు చేరాక గడువు కనీసం ఏడాది ఉండాలి. అర్థం కానిదేముంది ఇందులో? చాలా దేశాలకు సొంత ఆవశ్యక మందుల జాబితాలున్నాయి. ఆ జాబితాలోని మందు అక్కడే కొంటే ఆ నర్సుకి వచ్చే నెలా దొరుకుతుంది.

స్వల్పకాలం వెళ్లి చేసేవన్నీ దండగా అంటే, కాదు. కంటి శుక్లం, గ్రహణమొర్రి లాంటి ఆపరేషన్లతో చాలావరకు పని తేలిపోతుంది. అయినా కుట్లు, ఇన్ఫెక్షన్లు, మొర్రి పిల్లలకైతే తర్వాత మాటల శిక్షణ, ఇవి చూడ్డానికి అక్కడ ఎవరో ఉండాలి. స్థానిక సర్జన్ని పక్కన నిలబెట్టుకుని నేర్పే టీమ్ అంటే నాకు గౌరవం. ఒక్క షరతు. తన దేశంలో చేసే అర్హత లేని పనిని ఏ వాలంటీరూ అక్కడ చేయకూడదు. ఇంకా మెడిసిన్‌లో చేరని ప్రీ-మెడ్ పిల్లల చేతికి సూది ఇచ్చి "అనుభవం" అనడం నేను చూశాను, నోరు మూసుకున్నాను కూడా.

ప్రార్థన సంగతి కూడా. జబ్బుతో వచ్చిన మనిషి ముందు బైబిల్ వాక్యం వినాలి, తర్వాతే డాక్టరు అనే ఏర్పాటు ఎక్కడ ఉన్నా అది బలవంతమే. అడిగినవాళ్లతో ప్రార్థించడం వేరు. చర్చి గొడవ మాకెందుకు అనుకునే పాఠకులు మన తెలుగు సంఘాల హెల్త్ క్యాంపులు ఒకసారి గుర్తు చేసుకోండి. బ్యానర్ మారుతుంది, 31వ రోజు మారదు.

తిరిగొచ్చాక మా సంఘ పెద్దల దగ్గర ఒక మాట పెట్టాను. ఒక ఏడాది టికెట్ల డబ్బుతో ఆ క్లినిక్‌లో ఇంకో నర్సుకి జీతం ఇద్దాం, అదీ 5 ఏళ్లకి ముందే మాటిచ్చి. ఒకాయన, "అలాగైతే మన పిల్లలు పేదరికం ఎప్పుడు చూస్తారండీ?" అన్నారు. మంచి మనిషే. పిల్లల గురించి ఆయన బెంగా నిజమే. కానీ మన పిల్లల చదువు కోసం వాళ్ల రోగులు లైన్లో నిలబడాలా?

చివరికి, ముందు వాళ్లనే అడుగుదాం అని ఒప్పుకున్నారు. నర్సు దగ్గర్నుంచి జాబితా వచ్చింది. బీపీ మెషీన్‌కి పెద్ద సైజు పట్టీ, మందుల ఫ్రిజ్ రిపేరు, రాత్రి కాన్పులకి లైటు, గీతలున్న పెద్ద రిజిస్టర్లు 12. డాక్టరు కావాలని ఎక్కడా లేదు. టీమ్ ఎప్పుడొస్తుందన్న ప్రశ్నా లేదు.