మలీదలో కిస్మిస్‌ల లెక్క

సద్దుల బతుకమ్మ నాడు నల్లగొండలో ఏ వాకిట చూసినా తంగేడు, గునుగు పూల నడుమ ఆడవాళ్లకు ఊపిరి సలపదు. వంటింటి చుట్టూ ప్రదక్షిణలు చేయడం తప్ప వేరే పనిలేని వారు మాత్రం ప్రతి ఇంట్లోనూ ఒకరిద్దరు ఉంటారు. మా అక్క వాళ్ల ఇంట్లో అటువంటి వారు మా బావగారు, ఆయన పెంచుకునే లాబ్రడార్ మోతీ. బావగారికి షుగరు, మోతీకి ఆకలి. లాబ్రడార్ల తిండియావ వట్టి దురలవాటు కాదని, దాదాపు నాలుగింట ఒకదానికి పీఓఎంసీ అనే జన్యువులో లోపం ఉండి ఎంత తిన్నా తనివి తీరదని 2016లో కేంబ్రిడ్జి పరిశోధకులు తేల్చారు. బావగారి విషయంలో ఇటువంటి పరిశోధన ఇంతవరకు జరగలేదు.

ఆ సాయంత్రం బతుకమ్మలను ఎత్తుకొని చెరువుకు బయలుదేరే తొందరలో సద్దుల గిన్నెలను, మలీద తాంబాళాన్ని వసారాలో పీటమీద పెట్టి, అందరూ పట్టుచీరల కుచ్చిళ్లు సవరించుకోవడానికి లోపలికి వెళ్లారు. రొట్టెలను చిదిమి, బెల్లమూ నెయ్యీ కలిపి, పైన కాజూ కిస్మిస్ చల్లిన ఆ మలీద మా అత్తమ్మ, అంటే అక్క అత్తగారు, తెల్లవారుజామున లేచి స్వయంగా చేసినది. తిరిగి వచ్చి చూసేసరికి చింతపండు సద్ది గిన్నె సగమైంది. తాంబాళం తోమి బోర్లించినంత శుభ్రంగా ఉంది. మోతీ మూతికి అంటిన బెల్లాన్ని నాలుకతో శ్రద్ధగా తుడుచుకుంటున్నది.

ముందు అందరూ నైవేద్యం పోయిందనే ఏడ్చారు. డాక్టరు చదువు కోసం పుస్తకాలతో కుస్తీ పడుతున్న మేనకోడలు మాత్రం కిస్మిస్ కుక్కలకు విషమని, కిడ్నీలు చెడిపోతాయని కేక పెట్టింది. “నా చేతి మలీద తిని ఇయ్యాల్టిదాంక ఎవ్వలు సావలే” అని అత్తమ్మ నొచ్చుకున్నది. పెళ్లిళ్లలో ఎంగిలి విస్తళ్లు నాకి ఊరకుక్కలన్నీ నిక్షేపంగా బతకలేదా అన్నది ఆమె వాదం. ఆ కుక్కల్లో ఏది ఎప్పుడు దేనివల్ల పోయిందో ఎవరూ రాసిపెట్టలేదు కనుక, ఈ వాదానికి సాక్ష్యం కొంత బలహీనమని నా అభిప్రాయం. కానీ పండుగపూట అత్తమ్మతో ఆ మాట ఎవరనగలరు?

ఇంతలో ఎదురింటి పెద్దమనిషి చెంబెడు ఉప్పునీళ్లు తాగిస్తే అంతా కక్కేస్తుందని చెంబుతో సహా వచ్చాడు. ఉప్పు ఎక్కువైతే కుక్క రక్తంలో సోడియం పెరిగి ఫిట్స్ వస్తాయి, ప్రాణమే పోవచ్చు కనుక, మేనకోడలు ఆయన చేతిలోని చెంబును లాక్కున్నంత పని చేసింది. చివరికి పశువుల డాక్టరుగారికి ఫోన్ చేస్తే మూడే ప్రశ్నలు అడిగారు: బరువెంత, తిని ఎంతసేపైంది, కిస్మిస్‌లు ఎన్ని? మొదటి రెండింటికీ జవాబులు దొరికాయి. మూడో దానికి అత్తమ్మ, “ఎన్నేంది సారూ, పావుకిలో పొట్లం మొత్తం పోసిన” అని గర్వంగా చెప్పింది. వెంటనే బయలుదేరమన్నారాయన.

అక్కడ అపోమార్ఫిన్ ఇంజెక్షన్ ఇచ్చిన కొద్ది నిమిషాలకే మోతీ తిన్నదంతా ట్రేలోకి అప్పగించింది. నమిలి తినే సంస్కారం దానికి లేకపోవడం వల్ల చింతపండు అన్నం, ఎండుమిర్చి, పల్లీలు వేటికవే గుర్తుపట్టేలా ఉన్నాయి. కిస్మిస్‌లు ఉబ్బి, గుండ్రంగా, కొత్త పెళ్లికూతుళ్లలా నిగనిగలాడుతున్నాయి. చేతికి గ్లవ్స్ తొడుక్కొని డాక్టరుగారు పుల్లతో పక్కకు జరుపుతూ లెక్కపెట్టారు. పదహారు వచ్చాయి. పావుకిలోలో పదహారు! మిగతావన్నీ పేగుల్లోకి దిగిపోయినట్టేనని, ద్రాక్షలో ఉండే టార్టారిక్ ఆమ్లమే కుక్కల కిడ్నీలను దెబ్బతీస్తుందని 2021 నుంచి అమెరికా పశువైద్యులు అనుమానిస్తున్నారని, చింతపండులో అదే ఆమ్లం ఇంకా దండిగా ఉంటుందని, ఎన్ని తింటే ప్రమాదమో గీత గీసి చెప్పడానికి వీల్లేదని, కాబట్టి రెండు మూడు రోజులు సెలైన్ ఎక్కించాల్సిందేనని ఆయన వివరిస్తున్నంతసేపూ బావగారి నుదుటిమీద చెమట పోస్తూనే ఉంది. కుక్కమీద ఎంత ప్రేమో అని మేమందరం కరిగిపోయాం.

“డాక్టరుగారూ,” అన్నారు బావగారు చివరికి, గోడమీది రేబిస్ టీకా పోస్టరును చూస్తూ, “మోతీ తినేసరికి తాంబాళంలో అన్ని కిస్మిస్‌లు లేవు.”

“మరి యాడికి వోయినయి?” అని అక్క అడిగింది.

పొద్దుటినుంచి వసారాలో అటూ ఇటూ తిరిగినప్పుడల్లా రెండేసి, మూడేసి చొప్పున ఆయన ఏరుకొని తిన్నారట. కుక్క ప్రాణం కోసం కాకపోతే ఈ సత్యం బయటపడేదే కాదు. లెక్క సరిపోయినందుకు డాక్టరుగారు తేలికపడ్డారు గానీ, చింతపండు సద్ది సగం గిన్నె పోయింది కనుక సెలైన్ మాత్రం తప్పదన్నారు.

సెలైన్ చుక్కలు పడుతుండగా ఆయన మోతీ రోజువారీ భోజనం గురించి ఆరా తీశారు. మటన్ కూర మిగిలితే దానికే పెడతామని అక్క చెప్పగానే, ఉల్లీ వెల్లుల్లీ పచ్చివైనా ఉడికినవైనా ఎర్రరక్తకణాలను పగలగొడతాయని, ఉడికిన ఎముక చీలి పేగుల్లో గుచ్చుకుంటుందని మందలించారు. ఉప్పూకారం లేని అన్నం, ఎముకల్లేని ఉడికించిన కోడిమాంసం, ఉడికిన గుమ్మడి, క్యారెట్, గింజలు తీసిన పుచ్చకాయ పెట్టుకోవచ్చన్నారు. చాక్లెట్ వద్దన్నప్పుడు బావగారు తన జేబులోంచి షుగర్‌లెస్ చూయింగ్‌గమ్ తీసి, ఇందులో చక్కెరే లేదు, ఇది ఫర్వాలేదు కదా అన్నారు. డాక్టరుగారు దాన్ని అందుకొని, వెనకాల సన్నటి అక్షరాల్లో జైలిటాల్ అన్న మాటను చూపించారు. మనుషులకు ఏమీ కాని ఆ జైలిటాల్ కుక్కలో ఇన్సులిన్‌ను ఒక్కసారిగా ఎగదోసి, చక్కెరను ప్రమాదకరంగా పడగొడుతుంది. చక్కెర పడిపోవడమన్నది తమ వంశంలో ఎరగని బావగారు ఆ పొట్లాన్ని కాస్త గౌరవంగా చూశారు.

మూడోనాడు మళ్లీ రక్తపరీక్ష చేస్తే కిడ్నీల పనితీరును చెప్పే క్రియాటినిన్ మోతీకి మామూలుగానే ఉంది. వచ్చే దారిలోనే ల్యాబు కనిపించడంతో అక్క బావగారిని కూడా లోపలికి పంపింది. ఆయన షుగరు 286 వచ్చింది. మోతీని ఇక తీసుకురానక్కర్లేదన్నారు. బావగారిని మాత్రం వారానికోసారి రమ్మన్నారు.